సందులోకి జరిగిన ఇస్త్రీ బండి

మా గోపన్‌పల్లిలో ఇస్త్రీ చేసే బాలనర్సయ్యకు మనుషుల ముఖాలు గుర్తుండవు, బట్టలు గుర్తుంటాయి. ‘నీలం గళ్ల చీర అక్క’ అంటే నేను. ‘కాలరు అరిగిన తెల్లంగి’ అంటే నాలుగో అంతస్తు బ్యాంకు ఆయన. పెళ్లిలో కొత్త బట్టలతో ఎదురుపడితే పలకరించకుండా వెళ్లిపోతాడు. పొగరనుకునేరు, పాపం నిజంగానే పోల్చుకోలేడు.

మా అపార్టుమెంటు గేటు పక్కన అతను బండి పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇక్కడ జొన్నచేలున్న రోజుల్లో అతని తండ్రి ఊరివాళ్ల బట్టలు ఉతికేవాడట. చేలు పోయి మేడలు లేచాక కొడుకు బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకున్నాడు.

“మొదట్ల సాఫ్ట్‌వేరోళ్లు దినాం ఒక అంగి ఇస్తుండె అక్కా. ఇప్పుడందరు టీషర్టులే. నలిగితె గదే ఫ్యాషనంటరు” అంటాడు నవ్వుతూ. నేను అడుగుతూనే ఉంటాను, అతను చెబుతూనే ఉంటాడు. ఈలోగా బొగ్గులు చల్లారిపోతాయి.

మొన్న జూలైలో జరిగింది చెబుతాను. మా రెండో అంతస్తులో స్టెల్లా అని ఒంగోలు అమ్మాయి ఉంటుంది. దవాఖానలో నర్సు. తనూ, ఏడో తరగతి చదివే కూతురు షారోనూ, ఇద్దరే. బడి మా వెనకవైపే కానీ నడుమ ఒక పొడుగాటి సందు ఉంది. అటూ ఇటూ కట్టుబడి పనుల రేకుల గోడలు, ఒక్క గుమ్మం లేదు, ఒక్క దుకాణం లేదు. సాయంత్రం నాలుగుంబావుకి షారోన్ ఆ సందులో వస్తుంటే బైకు మీద ఇద్దరు వెనక నుంచి వచ్చి భుజానికున్న సంచీ లాక్కుపోయారు. పిల్ల కిందపడి మోకాలు దోక్కుపోయింది. తల్లి డ్యూటీలో ఉంటుందని కొనిచ్చిన చిన్న ఫోను కూడా సంచీలోనే పోయింది.

ఆ సాయంత్రమే స్టెల్లా తేల్చేసింది. “ఒంగోలులో మా అమ్మ దగ్గరకి పంపించేస్తానండి. అక్కడ బళ్లో సీటు చూడమన్నాను. నేను డ్యూటీలో ఉంటే దీన్ని ఎవరు చూస్తారండి?”

“నేను వెళ్లను! నా ఖోఖో టీమంతా ఇక్కడే ఉంది” అని షారోన్ ఒకటే ఏడుపు.

“పది దినాలు ఆగు బిడ్డా” అన్నాను స్టెల్లాతో.

“పది రోజుల్లో ఏం మారుతుందండి పెద్దమ్మగారూ?”

పదే దినాలని ఎలాగో ఒప్పించాను. అక్కడి నుంచి నేరుగా బాలనర్సయ్య దగ్గరకు వెళ్లాను. ఆ బైకు అతని బండి ముందు నుంచే పోయింది మరి.

“మొకం చూడలే అక్కా, అంగి చూసిన” అన్నాడు. “ఆకుపచ్చ గీతలది. ఎడమ జేబు కింద సిరా మరక. ఎన్నిసార్లు ఇస్త్రీ చేసిన, నాకెరుక లేదా? మన రాకేశ్ సారుది.”

రాకేశ్ మూడో అంతస్తు కుర్రాడు, మాదాపూర్‌లో ఉద్యోగం, సగం రోజులు ఇంట్లోంచే పని. నోట్లో నాలుక లేనివాడు. అయినా అడగకుండా ఎలా ఉంటాం? బాలనర్సయ్యతో కలిపి ఆరుగురం మెట్లెక్కాం.

నిక్కరు మీద, మెడలో హెడ్‌సెట్‌తో తలుపు తీశాడు రాకేశ్. సంగతి విని నోరు తెరిచాడు.

“నాలుగుంబావుకి నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా ఆంటీ! నలభై మంది సాక్షులున్నారు. నాకసలు బైకే సరిగ్గా రాదు.”

“మరి అంగి?” అన్నాడు బాలనర్సయ్య.

లోపల్నుంచి రాకేశ్ తల్లి వెంకటలక్ష్మి నన్ను పిలిచి చెప్పింది. “ఆ మరక అంగినా చంద్రమ్మక్కా? పోయిన నెలే స్టీలు సామాన్లమ్మే ఆమెకు ఏసిన. నాలుగు అంగీలకు మూతున్న డబ్బా ఇచ్చింది.”

“నా ఇంటర్వ్యూ షర్టు డబ్బాకి ఇచ్చేశావా అమ్మా!” అని రాకేశ్ దొంగతనం మాట మరచి తల్లి మీద పడ్డాడు. పాత బట్టలు ఎన్ని చేతులు మారి ఏ సంతకు చేరతాయో ఎవరికి తెలుసు? మేమంతా నవ్వుకుంటూ దిగాం. బాలనర్సయ్య మాత్రం నవ్వలేదు.

“మంచి పిల్లగాన్ని దొంగన్న” అని ఆ సాయంత్రమంతా తలెత్తలేదు. మర్నాడు పొద్దున చూస్తే గేటు పక్కన బండి లేదు. పరేషానై వెతికితే సందు నడిమధ్యన, రేకుల గోడకు ఆనించి ఉంది.

“ఏంది నర్సయ్యా, గీడ నీకు గిరాకీ ఎవడొస్తడు?”

“రాకపోతె రాకపాయె. ఎవరు లేరనే గద అక్కా వాళ్లొచ్చిండ్రు. నేనైతె ఉంటగా.”

ఆ మాటకు నాకు సిగ్గేసింది. మా అపార్టుమెంట్లో ఇంటింటికీ తిరిగి చెప్పాను: ఇస్త్రీ బట్టలు ఇక నాలుగింటికే ఇవ్వాలి, సందులోనే ఇవ్వాలి. “రెండు అంగీల కోసం అంత దూరమా?” అని కొందరు సణిగారు. “నడిస్తే షుగరు తగ్గుతది” అన్నాను. రెండో రోజుకి మూటలతో పది మంది ఆడవాళ్లం, మాతోపాటు కబుర్లు. జనాన్ని చూసి మిర్చిబజ్జీల ఎల్లయ్య బండి తోసుకొచ్చాడు. రాకేశ్ సాయంత్రం కాల్స్ అక్కడే నడుస్తూ మాట్లాడటం మొదలెట్టాడు. బళ్లో టీచరమ్మ పిల్లల్ని విడివిడిగా కాక గుంపులుగా వదిలింది. స్టెల్లా ఫిర్యాదు తీసుకున్న కానిస్టేబులు వచ్చి చూసి, “వాళ్లు మళ్లీ వస్తే వెంటబడకండి, అడ్డం పోకండి. బైకు నంబరు చూసి వంద నంబరుకు ఫోన్ చేయండి, చాలు” అని రెండు బజ్జీలు తిని వెళ్లాడు.

ఎనిమిదో రోజు అదే బైకు మీద వాళ్లు వచ్చారు. ఈసారి అంగీలు వేరు. అవతలి మూల నుంచి సందులోకి తిరిగారు, పిల్లల గుంపును చూశారు, ఆ వెనకే మమ్మల్ని చూశారు. బాలనర్సయ్య అంగీల జోలికి పోలేదు. “నంబరు, సార్, నంబరు!” అని అరిచాడు. రాకేశ్ తన ఆఫీసు వాళ్లను కాల్‌లో అట్లే ఉంచి, నంబరు పైకి చదివేశాడు. అటు వింటున్న నలభై మందిలో ముగ్గురు రాసుకున్నారట! బైకు తిరిగేలోపు నేను వందకు కలిపాను. మర్నాడు చందానగర్‌లో ఇద్దరూ దొరికారు. సంచీ దొరికింది, ఫోను దొరకలేదు.

పదో రోజు స్టెల్లా సెలవు పెట్టి తనే సందులోకి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆ చివర నిలబడి చూస్తూ ఉంది. షారోన్ స్నేహితులతో వస్తుంటే ఎల్లయ్య “నడుమల నడవకుండ్రి, పక్కకు జరుగుండ్రి” అంటున్నాడు, వెంకటలక్ష్మి “మోకాలు మానిందా?” అంటోంది, బాలనర్సయ్య ఇస్త్రీపెట్టె ఆపి ఒక్కొక్కరినీ లెక్కబెడుతున్నాడు. నేను పోయి స్టెల్లా పక్కన నిలబడ్డాను.

ఆమె ఫోను తీసింది.

“అమ్మా, ఆ సీటు వద్దని చెప్పేయ్... ఎందుకంటావేంటి? ఇక్కడ దాన్ని చూసేవాళ్లు మరీ ఎక్కువైపోయారు!”

షారోన్ అదేమీ వినలేదు. ఎల్లయ్య బండి దగ్గర ఆఖరి బజ్జీ ఎవరిదనే పోట్లాటలో ఉంది.