పరుగులమ్మ ఎక్కిన ఆటో

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. పరుగులమ్మ పొద్దున్నే బూట్లు కట్టుకుని వీధి చివరిదాకా పరుగెడుతుందట. మలుపు తిరగ్గానే ఆటో ఎక్కుతుందట. ఎక్కడో దిగి ఇష్టమొచ్చినంత తిని, మళ్లీ ఆటోలో వచ్చి, ముఖాన నీళ్లు చల్లుకుని చెమట పట్టినట్టు ఇంటికి చేరుతుందట. లేకపోతే ఇన్నేళ్లుగా పరుగెత్తే మనిషికి ఆ ఒళ్లేమిటని అడుగుతున్నారు. ఈ మాట మొదట అన్నది పాలబూత్ ఆయన. అందుకే పాల ప్యాకెట్లతో పాటే గడప గడపకూ చేరింది.

ఇందులో ఆటో ఎక్కడం ఒక్కటే నిజం. మిగతాదంతా అల్లిక. నాకెలా తెలుసంటారా, ఒకరోజు ఆ ఆటోలో నేనూ ఉన్నాను. ఇది ఆమెకు చెప్పే రాస్తున్నాను. "రాయండి పెద్దమ్మా, నా నోటితో నేను చెప్పుకోలేను" అంది.

పరుగులమ్మది మా మెట్ల కింద గదిలో ఆల్టరేషన్ షాపు. కొత్త బట్టలు కుట్టదు, కొనుక్కొచ్చిన బట్టలు ఒంటికి సరిపోయేలా చేస్తుంది. పొడవైతే కత్తిరిస్తుంది. వదులైతే బిగిస్తుంది. బిగుతైతే పక్క కుట్టు విప్పి, లోపల మడిచి ఉన్న గుడ్డ బయటికి తీసి వదులు చేస్తుంది. గదిలో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నిండా మేకులకు వేలాడే ప్యాంట్లు. మూలన ఒక తెర, తెర వెనక నిలువుటద్దం. ఆ అద్దం మీద ఎప్పుడూ పాత దుప్పటి కప్పి ఉంటుంది. ఎవరైనా బట్ట వేసుకుని చూసుకోవాలంటేనే తీస్తుంది. అద్దం పాడవకుండా జాగ్రత్త పడుతోందని నేను చాలాకాలం అనుకున్నాను.

మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే, నోరు ఊరుకోదు. ఒక్క కూతురు, బడికి పోతుంది.

ఆ పిల్ల పుట్టాక ఈమెకు ఒళ్లు వచ్చింది. అందరికీ వచ్చేదేలే అనుకున్నాం. తర్వాత నెలసరి దారి తప్పింది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. మేమంతా విసనకర్రలు ఊపుకుంటుంటే ఈమె స్వెటరు వేసుకుని మిషను తొక్కేది. డాక్టరమ్మ థైరాయిడ్ మందగించిందని, దాంతో ఆడవాళ్ల హార్మోన్లన్నీ గాడి తప్పాయని చెప్పి, రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకోమంది. ఈ డాక్టరు సంగతి నాకు అప్పుడు తెలియదు. నాకే తెలియలేదంటే ఎంత గుట్టుగా దాచిందో మీరే అర్థం చేసుకోండి. కట్టుకున్నవాడికీ తెలియదు.

తగ్గాలని మైదానం దగ్గర పరుగు జట్టులో చేరింది. దానికి కోచ్ రిటైరైన డ్రిల్లు మాస్టారు. మొదట్లో మైదానం ఒక చుట్టు తిరగలేక గట్టు మీద కూలబడేది. తర్వాత తర్వాత ఆమె గుణం బయటపడింది. నిదానంగా పరుగెడుతుంది, ఆగదు. ముందు రివ్వున పోయిన కుర్రాళ్లు దారి పక్కన మోకాళ్లు పట్టుకుని వగరుస్తుంటే, ఈమె అదే నడకలాంటి పరుగుతో వాళ్లను దాటుకుంటూ పోయేది. చివరికి మారథాన్లు కూడా పూర్తి చేసింది. మా వీధి పిల్లలు పరుగులమ్మ అని పిలవడం మొదలుపెట్టింది అప్పుడే.

ఒళ్లు మాత్రం తగ్గలేదు. పైగా పెరిగింది.

మనిషికి సిగ్గు ఎక్కడ పుట్టకూడదో అక్కడే పుట్టింది, ఆమె షాపులో. ఆ పరుగు జట్టు వాళ్లంతా ఆమె దగ్గరికే వస్తారు. ఒళ్లు తగ్గి ప్యాంట్లు జారిపోతున్నాయని నవ్వుకుంటూ వస్తారు. ఒకసారి నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. జట్టులో ఉండే గుమస్తాగారి భార్య వచ్చింది.

"ఇంకొంచెం బిగించవే, నిలబడితే జారిపోతోంది."

"మొన్ననేగా బిగించాను అక్కా, మళ్లీ తగ్గారా?"

"తగ్గనా మరి? ఇంత పరుగెత్తాక! నువ్వూ నాతోపాటే పరుగెడతావు కదా, మరి నువ్వేంటో..." అని ఈమెను పైనుంచి కిందకి చూసి, "సరేలే" అంది.

ఆ సరేలే అన్న మాటకు పరుగులమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని తలొంచుకుంది. సూదులు పెట్టుకుంటే మాట్లాడక్కర్లేదు కదా.

ఇంకోసారి మధ్యాహ్నం షట్టరు సగానికి దించి ఉంది. నేను వంగి లోపలికి దూరాను. ట్రాక్ ప్యాంటు ఒకటి తిరగేసి, పక్క కుట్టు విప్పి, వేరే గుడ్డ ముక్క అతుకుతోంది. లోపల వదలడానికి ఇక గుడ్డ మిగల్లేదన్నమాట.

"ఎవరిదే అది?"

"గిరాకీది పెద్దమ్మా."

మోకాలి దగ్గర వేసిన రఫూ నేను రోజూ చూసేదే. ఆమెదే ఆ ప్యాంటు. అందరి నడుములూ లోపలికి కుట్టే చేత్తో తన నడుము బయటికి కుట్టుకుంటోంది. నేను ఏమీ అనకుండా షట్టరు కింది నుంచి మళ్లీ బయటికొచ్చేశాను.

తిండి సంగతి చెప్పాలి. ఎవరింట్లో ఏం తింటున్నారో చూడకుండా నేను మెట్లు దిగలేను. మొదట్లో ఆమె డబ్బాలో ఒక గుడ్డు, కాసిన్ని కీరదోస ముక్కలు ఉండేవి. తర్వాత కీరదోస ముక్కలే మిగిలాయి. ఒకనాడు ఆమె మొగుడు నాతో అన్నాడు, "మా ఇంట్లో వంట నాకూ పిల్లకే పెద్దమ్మగారూ. ఈవిడ గాలి పీల్చి బతుకుతోంది."

"మరి ఆ ఒళ్లెక్కడిదిరా?"

"గాలి ఎక్కిన టైరు కదండీ!"

పరుగులమ్మ వాడి వెనకే ఉంది. వాడికంటే ముందు తనే నవ్వింది, వాడికంటే గట్టిగా నవ్వింది. వాడు వెళ్లిపోయాక కూడా ఆ నవ్వు ఎలా ఆపాలో తెలియనట్టు కాసేపు నిలబడింది.

ఇలా ఉండగా పెద్ద మారథాన్ దగ్గరపడింది. అందులో కొత్తవాళ్ల కోసం ఒకరు చిన్న జెండా పట్టుకుని పరుగెడతారు. ఆ జెండా వెనకే ఉంటే, నిదానంగానైనా చివరిదాకా చేరతారని ధైర్యం. కోచ్ మాస్టారు ఆ జెండా ఈమె చేతికిచ్చాడు. "నీ అడుగు గడియారంలా పడుతుందమ్మా. నువ్వే పట్టాలి" అన్నాడట. ఆ రోజు షాపులో ఆమె ముఖం చూడాలి! జెండా అంచులు విప్పి మళ్లీ సన్నగా మడిచి కుట్టింది. కర్రకు గుడ్డ చుట్టింది. నాకు నాలుగుసార్లు చూపించింది. ఆమెకంటూ దక్కిన గౌరవం అదొక్కటే. అది దక్కిన వారంలోనే ఈ ఆటో మాట పుట్టింది.

ఆమె పాలబూత్ ముందు నుంచి వెళ్లడం మానేసింది. మాట మైదానం దాకా పాకిందని నాకు కబురొచ్చింది. ఇక నేను ఊరుకోలేకపోయాను. ఒకరు చెప్పింది విని తృప్తిపడే మనిషిని కాను, కళ్లతో చూడాలి. మర్నాడు పొద్దున్నే కూరల సంచి ఒకటి సాకుగా పట్టుకుని, మలుపు దాటి బస్ షెల్టరులో కూర్చున్నాను. వచ్చింది. అక్కడ ఆగి ఉన్న ఆటో వైపు కన్నెత్తి కూడా చూడకుండా పరుగెత్తుకుంటూ పోయింది. ఆటో నేనెక్కాను.

"ఆ పరుగెత్తే అమ్మాయి వెనకాలే పోనీ బాబూ, మరీ దగ్గరికి వెళ్లకు."

"కోడలా అమ్మా?"

"కాదు."

"కోడలు కాకుండానే ఇంత కాపలానా!" అని నవ్వాడు. కాసేపయ్యాక, "ఇంత నిదానంగా తోలితే ఇంజను ఆగిపోద్దమ్మా" అన్నాడు.

"ఆ మనిషి ఆగడం లేదుగా, నీ ఇంజనుకేం రోగం?"

మన పేట దాటింది, పక్క పేట దాటింది, అవతల ఎవరూ మనవాళ్లు లేని చోట ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లోకి దూరింది. కాసేపటికి మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని బయటికొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మెట్టు మీద కూర్చుంది, లేవబోయింది, మళ్లీ కూర్చుండిపోయింది. నేను ఆటో దిగి వెళ్లాను.

"పెద్దమ్మా... మీరా!" అని, దాక్కోవడానికి చోటు లేనట్టు ముఖాన్ని భుజంలోకి తిప్పేసుకుంది.

"మన వీధిలో ల్యాబ్ లేదా? ఇంత దూరం ఎందుకే?"

"అక్కడైతే అందరూ చూస్తారు."

"చూస్తే?"

మెట్టు అంచు పట్టుకుని మళ్లీ లేవబోయింది. రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాను. దారిలో కొంచెం కొంచెంగా చెప్పింది. పరగడుపున రక్తం ఇవ్వాలి, ఇంట్లో తెలియకూడదు. అందుకని పరుగు పేరుతో ల్యాబ్‌కు వస్తుంది. నిన్న కూడా ఏమీ తినని ఒంట్లోంచి రక్తం తీస్తే కళ్లు తిరుగుతాయి. తిరిగి పరుగెత్తలేక ఆటో ఎక్కుతుంది. పాలబూత్ ఆయన అంతకుముందోసారి చూసింది ఆ ఆటోనే.

సాయంత్రం రిపోర్టుతో డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. వద్దంది, వినలేదు. డాక్టరమ్మ కాగితం చూసి విసుక్కుంది.

"మోతాదు పెంచుతూనే ఉన్నాను, మారడం లేదేంటి? మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"పొద్దున్నే అండీ."

"దేంతో?"

పరుగులమ్మ నా వైపు చూసి తల దించుకుంది. "కాఫీతో."

జట్టువాళ్లంతా పరుగుకు ముందు మైదానం బయట కాఫీ తాగుతారు. ఇంట్లో మాత్ర వేసుకుంటే మొగుడు చూస్తాడని, ప్యాంటు లోపల తాళంచెవి కోసం కుట్టుకున్న బుల్లి జేబులో దాచి తెచ్చుకునేది. అందరూ బూట్ల తాళ్లు కట్టుకునేటప్పుడు అటు తిరిగి కాఫీతో మింగేసేది. రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్ర కూడా, మళ్లీ ఎక్కడ దాచుకోవాలని, అదే గుక్కలో.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "కాఫీ, ఐరన్ రెండూ ఆ మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవమ్మా! నీళ్లతో వేసుకుని, కాసేపు ఆగాలి. ఐరన్‌కీ దానికీ మధ్య గంటలు ఎడం ఉండాలి. నేను మొదటి రోజే చెప్పాను." తర్వాత తిండి గురించి అడిగింది. కీరదోస ముక్కల సంగతి నేనే చెప్పాను. "అంత దూరం పరుగెత్తి ఇలా కడుపు మాడ్చుకుంటే, ఒంటికి కరువొచ్చిందని అర్థమవుతుంది. నెలసరి ఆపేస్తుంది, ఓపిక లాగేస్తుంది. కొన్నాళ్లు పొడవు పరుగులు మానాలి. పరుగుకు ముందు తినాలి."

"మారథాన్ ఉందండీ. జెండా నాకిచ్చారు."

"ఈసారికి వద్దు."

ఆదివారం జెండా తిరిగిచ్చేయడానికి మైదానానికి వెళ్లింది. నేను వెంట వెళ్లాను. జట్టంతా అక్కడే ఉంది. కోచ్ మాస్టారు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"ఏదో వింటున్నానమ్మా. నేను నమ్మలేదు. నువ్వు కాదంటే సరి. ఆటో ఎక్కావా?"

డాక్టరు పరుగు వద్దందని అంటే అక్కడితో అయిపోయేది. అంటుందనే నేను చూస్తున్నాను.

"ఎక్కాను సార్."

"ఎందుకు?"

"పరుగెత్తలేక."

అంతే. జెండా ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక చుట్ట చుట్టేశాడు. "నేననుకుంటూనే ఉన్నా" అంది గుమస్తాగారి భార్య, పక్కావిడతో అన్నట్టుగా అందరికీ వినపడేలా. నేను నోరు తెరిచాను. పరుగులమ్మ నా మణికట్టు పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది. నోరు మూసుకున్నాను. దారంతా ఆమె నేల చూపులు చూస్తూనే నడిచింది, ఎదురొచ్చినవాళ్లకు తనే పక్కకు తప్పుకుంటూ.

మారథాన్ నాడు షాపులో కూర్చుని ఎవరివో చొక్కా చేతులు కుదించింది. ఆ సాయంత్రమే మొగుడికి చెప్పింది. వాడు "నా నోరు పడిపోను" అని తలబాదుకుని, మర్నాటి నుంచి పొద్దున్నే మాత్ర, గ్లాసుడు నీళ్లు తనే తెచ్చిస్తున్నాడు. ఈమె కాసేపాగి ఒక అరటిపండు, ఒక గుడ్డు తిని ఒంటరిగా కొద్ది దూరమే పరుగెడుతోంది. నెలలు గడిచాయి. జుట్టు రాలడం తగ్గింది. స్వెటరు పెట్టెలోకి పోయింది. నెలసరి దారిలో పడింది. నడుము కాస్త తగ్గింది, చూసేవాళ్లు పోల్చుకునేంత మాత్రం కాదు. నిదానంగానే తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది.

వీధిలో మాట మాత్రం బలిసింది. "తనే ఒప్పుకుందట" అని తోక తగిలించారు. ఆమె ఇప్పటికీ పాలకోసం పక్క వీధికి పోతోంది. పోయిన వారం నాకు ఒళ్లు మండి కిందకి దిగి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఇవాళ సూదులు నోట్లో పెట్టుకోకు. నాకు జవాబు కావాలి. జబ్బు చేసిందని ఒక్క ముక్క అంటే నీ పరువు నిలబడేది. ఆయన కాదంటే చాలన్నాడు కూడా. దొంగనని ఎందుకు ఒప్పుకున్నావే?"

ఆమె మిషను మీద నుంచి కాలు తీసింది.

"తప్పు నాదైతే నేనే దిద్దుకోవచ్చు కదా పెద్దమ్మా. ఇంకొంచెం తక్కువ తిందాం, ఇంకొంచెం ఎక్కువ పరుగెడదాం అనుకుంటూనే ఇన్నాళ్లు లాక్కొచ్చాను. ఇందులో నా తప్పేం లేదని అందరి ముందూ అనేస్తే, మరి నా చేతుల్లో ఏముందే అని లోపల్నుంచి ఎవరో అడుగుతారు. దొంగంటే సిగ్గేస్తుంది అంతే. అలా అడిగితే నాకు భయం."