రంపం మీది నామం

నాయన పోయాక బంగారుపాళ్యంలో ఆయన నడిపిన రంపాల రిపేరు షెడ్డును నేనే తెరిచాను. ఆడమనిషి చేతికి మిషను ఇస్తే బాగుపడి తిరిగొస్తుందా అన్న అనుమానం వచ్చినవాళ్ల ముఖాల్లో కనబడేది. నాకు ఒళ్లు మండేది. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పనికి మళ్లీ ఎవరి ఒప్పుదల కావాలట?

మామిడి కాయ కోతలు ముగిసి, ముదురు కొమ్మలు కొట్టే కాలం. నాయన దగ్గరికి ఏళ్లుగా వచ్చే ఒక పెద్దాయన తన చైను రంపాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కొత్త చైను ఏసినా వంకరగానే కోస్తాండాది పాపా. రేపటికి సరి కాకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటానన్నాడు తోటాయన. మీ నాయన ఉన్నింటే సూడంగానే చెప్పేసుండును."

ఆ చివరి మాట చురుక్కుమంది. చైను తిరిగే పొడుగాటి ఇనప పట్టీని, అంటే బారును, ఊడదీసి మందపాటి అద్దం మీద అంచుపై నిలబెట్టాను. ఒక పక్కకు ఒరిగిపోయింది. చైను నడిచే గాడికి అటూ ఇటూ ఉండే గట్లలో ఒకటి బాగా అరిగింది.

"చైనుదేం తప్పు లేదు మామా, బారు అరిగింది. నువ్వు ఎప్పుడూ కింది వైపుతోనే కోస్తావు. ఆకురాయి పట్టి సమం చేస్తా. కానీ బారును తిప్పి బిగించాల, లేకుంటే ఆ వైపే మళ్లీ అరిగిపోతాది. అరగని వైపు కిందికి రావాల."

ఆయన ముఖం మాడిపోయింది. ఆయుధపూజకు మా వైపు రంపాల బార్ల మీద పెయింటుతో నామం దిద్దుతారు. బారు తిప్పితే నామం తలకిందులవుతుంది. అందుకే ఎవరూ తిప్పరు.

"స్వామి నామాన్ని తలకిందులు చేస్తావా? మీ నాయన ఒక్కనాడైనా తిప్పినాడా?"

తిప్పలేదు. ఆ నామం దిద్దింది కూడా నాయనే. నాకు ఆయనంటే ప్రాణం, అయినా ఆ క్షణాన ఆయన మీదే కోపం వచ్చింది. నేను ఊరుకుంటే ఈయన పని పోతుంది, నా షెడ్డు ముఖం ఇంకెవరూ చూడరు.

"నాయన తిప్పలేదు మామా. నేను తిప్పుతా."

రెండు గట్లనూ సమంగా రాచాను. అంచుల్లో లేచిన ముళ్లను తీసేశాను. గాడిలో గట్టిపడిన పొట్టును గీకి పారేశాను. ఈసారి బారు అద్దం మీద నిటారుగా నిలబడింది. తర్వాత థిన్నరు గుడ్డతో పాత నామాన్ని తుడిచేశాను. పక్క టీకొట్టు దగ్గరున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. బారును తిప్పి బిగించి, పైకి కనబడే వైపున నా చేత్తో కొత్త నామం దిద్దాను.

"ఇదో, స్వామి నిలబడే ఉండాడు. కొయ్యి మామా. వంకర పోయిందంటే షెడ్డుకు బీగమేసి బీగంచెవి నీ చేతిలో పెడతా."

బయట పడున్న మామిడి దుంగ మీద ఆయన రంపం ఆనించాడు. ముక్క తెగి కింద పడింది. కోత తిన్నగా వచ్చింది. ఆయన దాన్ని అరచేత్తో నిమిరి, నవ్వాడు.

"అచ్చం మీ నాయన చెయ్యే పాపా!"

ప్రేమగానే అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే మురిసిపోయేదాన్ని.

"కాదు మామా. నాయన చెయ్యయితే నెల తిరక్కుండా మళ్లీ వంకర పోయేది. ఇది నా చెయ్యి."