ఒక్కపొద్దు నాటి గోలీ

శనివారం పొద్దున్నే వెంకన్నకు దీపం పెట్టి, అవ్వను వెంటబెట్టుకుని బెల్లంపల్లిలో రైలెక్కాను. ఏడాదిగా ఆమెను సుఖంగా లేవనివ్వని మోకాళ్ళను కరీంనగర్‌లో చూపించాలని ప్రయాణం. ఇద్దరికీ ఒక్కపొద్దు, సాయంత్రం దాకా ఏమీ తినం. అవ్వ మాత్రం కూర్చోగానే నొప్పి గోలీ మింగింది.

"ఉత్త కడుపుల ఎందుకే అవ్వా?"

"గోలీ మందు గాదె? దాంతోని ఒక్కపొద్దు పోదు తియ్."

తొమ్మిదికి పెద్దపల్లిలో దిగి బస్సెక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్ళకు ఛార్జీ లేని జీరో టికెట్. పక్కన కూర్చున్న మెట్‌పల్లి ఆమె, అవ్వ మోకాళ్ళు నొక్కుకోవడం చూసి కొంగుముడి విప్పి ఒక గోలీ తీసింది. "అక్కా, గిది ఏసుకో. ఉర్కుతవ్."

అవ్వ అదీ మింగింది. పరాయి మనిషి దయ అనుకుని దండం పెట్టాను.

కరీంనగర్ బస్టాండులో మరుగుదొడ్డికి వెళ్ళిన అవ్వ గోడ పట్టుకుని బయటికొచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"బిడ్డా, దొడ్డికి తారు లెక్క నల్లగ అయితుంది. మూడు దినాలసంది."

"గిప్పుడా చెప్పుడు!"

"చెప్తె పరేషాన్ అయితవని."

ఆటోలో వెంకన్న పేరు తప్ప నా నోట మరో మాట రాలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మోకాళ్ళ సంగతి పక్కనపెట్టి, ముందు మా సంచిలోని గోలీలు చూసింది. ఆర్‌ఎంపీ ఇచ్చినవి, దుకాణంలో కొన్నవి.

"రంగులే వేరమ్మా, అన్నీ నొప్పి మందులే. గీ వయసుల, బీపీ ఉండంగ, ఉత్త కడుపుల ఇన్నా? లోపల నెత్తురు పోతున్నట్టుంది. అడ్మిట్ చెయ్యాలె."

గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. రక్తం ఎక్కించారు. సాయంత్రం దాకా ఆ తలుపు ముందే నిలబడ్డాను. చివరికి లోపలికి పిలిచారు. అవ్వ కళ్ళు తెరిచింది.

"గొంతుల గంత పెద్ద గొట్టమేసిన్రు, ఒక్క బుక్క బువ్వ పెట్టలే."

నవ్వబోతే ఏడుపొచ్చింది.

మంగళవారం ఇంటికి పంపారు. కడుపుకు మందు, మోకాళ్ళకు పూత మందు, రోజూ కాళ్ళ వ్యాయామం. వయసు మళ్ళినవారికి నొప్పి గోలీ ఇవ్వాలంటే కడుపు, కిడ్నీలు, బీపీ చూసుకోవాలట. ఇచ్చినా తక్కువ మోతాదు, కొద్ది రోజులేనట. అవ్వకు ఇక అవి వద్దే వద్దంది డాక్టరమ్మ. నేను చెప్పేదొకటే: మాలాగా మోకాళ్ళు చూపించుకోను వచ్చేవాళ్ళు, వేసుకునే మందులన్నీ వెంట తెచ్చుకోండి. డాక్టరు బల్లమీద పెట్టడానికి మొహమాటపడకండి.

పెద్దపల్లి స్టేషన్లో మా రైలు అవతలి ప్లాట్‌ఫారానికి వస్తుందన్నారు. వంతెన మెట్ల మీద అవ్వ అడుగడుక్కీ ఆగుతోంది.

"జల్ది అవ్వా, రైలొస్తుంది!"

"కాళ్ళు నావి, తొందర నీది."

సగం ఎక్కేసరికి రైలు అవతల వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. ఇద్దరం ఆ మెట్టు మీదే కూలబడ్డాం. అవ్వ మోకాళ్ళు నొక్కుకుంటూ, పోయిన రైలును తిట్టసాగింది. నొప్పి ఆమెను వదల్లేదు. ఆమె నన్ను వదల్లేదు. స్వామీ, నీకు వేయి దండాలు.