ఎడమచేతి డార్లా తుపాకీ

అమెరికాలోని విస్కాన్సిన్ అడవుల్లో జింకకు గురి తప్పినవాళ్ల చొక్కా అంచు కత్తిరించి వేట గుడిసె గోడకు కొడతారు. ఆ గోడ మీద ఎక్కువ ముక్కలు డార్లా నోవాక్‌వే. ఎడమచేతి వాటం పిల్లకు నాన్న కుడిచేతివాళ్ల రైఫిల్ ఇచ్చాడు. రెండో గుండు ఎక్కించే పిడి దానికి కుడివైపుంటుంది; ఎడమచెయ్యి తుపాకీ మీదుగా చాచి దాన్ని లాగేలోగా జింక మాయం. ఇన్నేళ్లూ అది తన చేతగానితనమేననుకుంది.

ఎడమచేతివాళ్లకు వేరే రైఫిల్ ఉంటుందని ఈ ఏడు తెలిసి, చవకలో దొరుకుతుందేమోనని దుకాణానికెళ్లింది.

"ఎడమచేతిదైతే ధర ఎక్కువమ్మా," అన్నాడు కొట్టాయన.

"నా చెయ్యి ఇంత ఖరీదైందని మా ఆయనకు తెలీదు పాపం," అంది డార్లా.

చివరికి కింద మీట లాగి గుండు ఎక్కించే పాత రైఫిల్ కొంది. దానికి ఏ చెయ్యైనా ఒకటే, ధరా తక్కువే. ఇన్నేళ్ల తప్పూ నాన్న ఇచ్చిన తుపాకీదేనని గుడిసెలో గొప్పగా చాటింది.

మర్నాడే జింక ఎదురైంది. చకచకా మూడుసార్లు కాల్చింది. మూడూ తప్పాయి.

"ఇప్పుడేమంటావే?" అన్నాడు అన్న క్లైడ్, కత్తెర ఆడిస్తూ.

"ఈ తప్పు మాత్రం అచ్చంగా నాదేనన్నయ్యా. కత్తిరించు," అంది దర్జాగా.

తన తప్పేదో, తుపాకీ తప్పేదో తేల్చుకోవడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. మీ పిల్లలకు తుపాకీ ఇచ్చేముందు వాళ్లది ఏ చేతివాటమో చూడండి. ఎడమచేతికి ఎక్కువ ధరెందుకని దుకాణాల్లో నిలదీయండి.