టీచరమ్మ గొంతు

1958వ సంవత్సరం. కళ్యాణదుర్గం దగ్గర బస్సు దిగి బండ్లబాటన చాలా దూరం నడిస్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో నేను టీచర్‌గా పనిచేస్తున్నాను. బడి ఒకటే గది. రాతి గోడలు, పైన మట్టి మిద్దె. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా అందరూ అందులోనే, టీచర్‌ను నేనొక్కదాన్నే. ఇలాంటి బడిని సింగిల్ టీచర్ స్కూల్ అనేవాళ్ళు. పేరు వినడానికి బాగానే ఉంటుంది. అందులో పనిచేసిన వాళ్ళనడిగితే ఇంకో పేరు చెబుతారు.

అక్కడ పని ఎలా సాగేదో ఇప్పటి వాళ్ళకు తెలియదు. ఒక తరగతికి నోటి పాఠం చెబుతుంటే మిగతా నాలుగు తరగతులకు పలక పని ఇవ్వాలి. పలక పని ఇట్టే అయిపోతుంది. అయిపోయినవాడు ఊరికే ఉండడు, పక్కవాణ్ణి గిల్లుతాడు. కాబట్టి మూడో తరగతికి లెక్క చెబుతూనే ఒకటో తరగతి వైపు తిరిగి ఒక కేక వెయ్యాలి, అయిదో తరగతి వైపు తిరిగి ఇంకో కేక వెయ్యాలి. ఎక్కాలు, పద్యాలు, గుణింతాలు అన్నీ నేను ముందు గట్టిగా అంటే పిల్లలు తిరిగి అనాలి. మా ట్రైనింగ్ స్కూల్లో బోధనా పద్ధతులు చాలా నేర్పారు గానీ, గొంతు ఎలా కాపాడుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఊరివాళ్ళు కూడా బడిని చెవులతోనే చూసేవాళ్ళు. చేలల్లో ఉన్నా, గొర్రెల వెంట ఉన్నా బడి సద్దు వినపడితే బడి నడుస్తున్నట్లు. వినపడకపోతే అయ్యవారు ఊరికి పోయినట్లో, నిద్రపోయినట్లో. నాకు ముందు పనిచేసిన అయ్యవారు మెల్లగా మాట్లాడే మనిషట. ఆయన్ను ఊళ్ళో ఎవరూ మెచ్చుకోలేదు. నన్ను మాత్రం వచ్చిన కొత్తలోనే మెచ్చుకున్నారు. నాది చర్చిలో పాటలు పాడిన గొంతు, చెరువు కట్ట దాకా పోయేది.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. సంక్రాంతి దాటేసరికే బావిలో నీళ్ళు అడుగంటాయి. బడికి పెట్టిన కుండలో నీళ్ళు పిల్లలకే చాలకపోతే నేను తాగడం తగ్గించాను. సుద్ద పొడి, వేడి గాలి, ఎండిన గొంతు. మార్చి వచ్చేసరికి, జూన్‌లో బడి తెరిచిన మార్తమ్మను నేను కానే కాను అన్నట్లయింది. ఇంటికి పోయి చాప మీద పడుకుని కళ్ళ మీద చెయ్యి పెట్టుకునేదాన్ని. అమ్మ నాతోనే ఉండేది. "ఏం వండమంటావే?" అని ఆమె అడిగితే చాలు, నాకు ఏడుపు వచ్చేది. తిండి మీద కోపం కాదు. ఇంకొక ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా, అదీ నా బాధ.

అప్పటికి అందరూ అనే మాట ఒకటే, ఇంకెన్ని దినాలు, సెలవులు వస్తాయి కదా అని. కానీ సెలవులకు ముందే పరీక్షలు, ఏడాది చివరి ఇన్‌స్పెక్షన్ ఉండేవి. ఇన్‌స్పెక్షన్ అంటే డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి తరగతి వారీగా పిల్లల్ని పరీక్షించి, అయిదో తరగతి వాళ్ళలో ఎవరు గట్టెక్కారో తేల్చడం. ఆ ఏడు అయిదో తరగతిలో నాగరత్న అనే పిల్ల ఉంది. ఆ ఊళ్ళో ఒక ఆడపిల్ల అయిదో తరగతి దాకా రావడం అదే మొదలు. దాని తల్లి సుంకమ్మ కూలికి పోయే మనిషి. ఏడాది మొదట్లోనే నాతో కచ్చితంగా చెప్పింది: "ఈ ఒక్క ఏడాదేనమ్మా. దాటితే దుర్గంలో మా యన్న ఇంట్లో పెట్టి సదివిస్తా. దాటకపోతే నా పక్కన కూలికొస్తాది. మళ్ళా ఇంగో ఏడు అని అడగాకు." అంత స్పష్టంగా చెప్పిన మనిషితో వాదించడానికి ఏముంటుంది?

మార్చి నెలాఖరులో ఒక పొద్దున ప్రార్థన అయ్యాక ఏడో ఎక్కం అందుకున్నాను. నోరు తెరిచాను, గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ గాలే. పిల్లలు ఇదేదో ఆటనుకుని నవ్వారు.

కళ్యాణదుర్గం ఆసుపత్రిలో డాక్టరు గారు పెద్దాయన. చిన్న అద్దం నోట్లో పెట్టి చూశారు. గొంతులో వోకల్ కార్డ్స్ అని రెండు పొరలుంటాయని, మాట్లాడేటప్పుడు అవి ఒకదానికొకటి తగులుతాయని, నావి వాచిపోయాయని చెప్పారు.

"ఎన్నాళ్ళ నుంచి బొంగురుగా ఉంది?"

వేళ్ళతో మూడు చూపించాను.

"మూడు రోజులా?"

కాదన్నట్లు తలూపాను.

"మూడు నెలలా! మూడు నెలలు ఇలాగే అరిచావా? నీకు బుద్ధి ఉందా తల్లీ?" అని కసిరారు. "నెల రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెడ్డది. వినకపోతే ఈ గొంతు మళ్ళీ రాదు."

సెలవు పెట్టమన్నారు. సెలవు పెడితే నా బదులు వచ్చే మనిషి లేడు. బడి మూతపడుతుంది, ఇన్‌స్పెక్షన్ జరగదు, నాగరత్న దాటదు. అందుకని మర్నాడు బడికి పోయి బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. పిల్లలకు విషయం రాసి చెప్పాను. అన్ని తరగతులకూ పలక పనే. ఆశ్చర్యం ఏమంటే, నేను మాట్లాడకపోతే వాళ్ళూ మాట్లాడలేదు. సైగలు చేసుకున్నారు. నా సర్వీసులో అంత నిశ్శబ్దంగా ఉన్న బడిని అంతకు ముందు చూడలేదు. నాకు కాస్త సంబరంగా కూడా అనిపించింది.

ఆ సంబరం రెండు మూడు రోజులే. ఆ తర్వాత ఒక పొద్దున బడికి పోతే నలుగురో అయిదుగురో పిల్లలున్నారు. మిగతా వాళ్ళు ఏరి అని సైగ చేస్తే, ఒక పిల్ల వేళ్ళతో ఏదో చిదిపినట్లు చూపించింది. అర్థమైంది. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. జూన్‌లో విత్తడానికి పొలాలున్న ఆసాములు ఏప్రిల్ నుంచే బుడ్డలు వలిపిస్తారు. యంత్రంతో వలిస్తే గింజ పగిలి మొలవదు. అందుకని ఆడవాళ్ళు, పిల్లలు కూర్చుని చేత్తో వలవాలి.

వెతుక్కుంటూ పోతే, ఊళ్ళో ఒక ఆసామి కళ్ళంలో పందిరి కింద నా బడి అంతా వరుసగా కూర్చుని ఉంది. నన్ను చూడగానే తలలు వంచుకున్నారు. నాగరత్న తల్లి పక్కనే ఉంది, వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. సుంకమ్మ లేచి నిలబడింది.

"ఏమమ్మా, ఊరికి పోలేదా? బడి మూసేసినావంట కదా."

మూయలేదని చెయ్యి ఊపాను.

"మూయకపోతే సద్దు యాడ? నేనే చెవి పెట్టి విన్నా. పిల్లోల్లు బడి ఉండాదంటే, అబద్ధాలు చెప్పాకండి, ఉంటే అరుపు వినపడదా అని ఈపు మీద నాలుగిచ్చి తోలుకొచ్చినా. ఊరంతా అదే అనుకుంటాండారు."

ఊళ్ళో పిల్లలు నిజం చెప్పి దెబ్బలు తిన్నది బహుశా ఆ ఒక్కసారే. నాగరత్న పలక తెచ్చింది. 'బడి ఉంది. పరీక్ష ఉంది. నాకు గొంతు పోయింది' అని రాశాను. అది తల్లికి చదివి వినిపించింది. సుంకమ్మ పలకను, కూతుర్ని, నన్ను మార్చి మార్చి చూసింది. కూతురు చదవగా ఆమె వినడం అదే మొదటిసారేమో.

"ఆ గీతల్లో ఇంత మాట ఉండాదా?" అంది. తర్వాత నవ్వింది. "గొంతు పోయిందా? అంతేనా? గొంతుకేం కరువమ్మా! మంచె మీద నిలబడి జొన్నచేలో పిట్టల్ని తోలిన గొంతు నాది. నువ్వు గమ్మున కూకో. నేనరుస్తా."

నేను వద్దనబోయాను. వద్దనడానికి నా దగ్గర నోరు లేదు.

ఆసామితో ఆమే మాట్లాడింది. ఒంటిపూట బడి కాబట్టి పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి బుడ్డలు. ఆయన గొణిగాడు గానీ సుంకమ్మతో వాదించేంత ఓపిక ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. మర్నాడు తెల్లారేసరికి ఆమె కొంగు బిగించి బడిలో నిలబడింది.

మా పద్ధతి ఇలా సాగింది. వాచకంలో నేను వేలు పెడతాను. నాగరత్న చదువుతుంది. దాని గొంతు పీల. సుంకమ్మ ఆ మాట అందుకుని మిద్దె అదిరేట్లు అరుస్తుంది. పిల్లలు తిరిగి అంటారు. తప్పుంటే నేను బల్ల మీద కొడతాను, అందరూ ఆగుతారు. మొదటి రోజు సుంకమ్మ ఎక్కం మధ్యలో, "రేయ్ ఈరన్నా, ముక్కు తుడుచుకో" అని కూడా అదే గొంతుతో అరిచింది. పిల్లలు బుద్ధిగా, "రేయ్ ఈరన్నా, ముక్కు తుడుచుకో" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వడానికి కూడా గొంతు కావాలని అప్పుడు తెలిసింది.

ఊళ్ళో మిగతా పిల్లలు మర్నాటికల్లా తిరిగి వచ్చారు. సద్దు వినపడింది కదా. నేను కుర్చీలో కూర్చుని పలకలు దిద్దాను. ఏడాదంతా నాకు దొరకని తీరిక అది. ఏ పిల్ల ఎక్కడ తప్పు చేస్తోందో, నాగరత్న భాగహారంలో ఎక్కడ తడబడుతోందో అప్పుడు కనిపించింది. అరిచినన్నాళ్ళూ నాకది కనిపించలేదు.

ఏప్రిల్ మధ్యలో ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. ఆయనది కృష్ణా జిల్లా వైపు, మెత్తని మనిషి, మాట కూడా మెత్తన. ముందు కబురు లేదు. గుమ్మంలో నిలబడి చూశారు. టీచరు కుర్చీలో ఉంది, కూలి మనిషి పాఠం చెబుతోంది. డ్యూటీలో ఉన్న టీచరు బదులు ఇంకొకరు పాఠం చెప్పడం తప్పు. ఆయన ఇన్‌స్పెక్షన్ చెయ్యనంటే అడిగే దిక్కు లేదు.

"ఎవరండీ ఈమె?" అన్నారు.

డాక్టరు గారి చీటీ కోసం నేను సంచిలో వెతుకుతుంటే సుంకమ్మే జవాబిచ్చింది. "నేను టీచరమ్మ గొంతు సామీ."

ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చారు. "మరి గొంతుకు చదువు వచ్చా?"

"చదువు ఆయమ్మకొస్తాది. నాకు అరుపొస్తాది."

ఆయన చీటీ చదివారు. మడిచి నాకిచ్చారు. నా వైపు చూసి, "ఇంత దాకా తెచ్చుకోకూడదమ్మా" అని మాత్రం అన్నారు. అయిదో తరగతి వాళ్ళని నిలబెట్టి డిక్టేషన్ మొదలుపెట్టారు. ఆయన చెప్పింది వెనక వరుసకు వినపడలేదు. పిల్లలు బిక్కమొహాలు వేశారు. సుంకమ్మ కొంతసేపు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేక, ఆయన అన్న వాక్యాన్ని అందుకుని గట్టిగా అరిచింది. నేను తల పట్టుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు కళ్ళజోడు సర్దుకుని, "కానివ్వమ్మా" అన్నారు. మిగతా డిక్టేషన్ అంతా అలాగే జరిగింది.

ఇద్దరు మగపిల్లలు లెక్కల్లో పోయారు. నాగరత్న భాగహారం చేస్తుంటే సుంకమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ పూట ఆమె నోట సద్దు లేకుండా ఉన్నది అప్పుడొక్కటే. ఆయన పలక చూసి, "పాస్" అన్నారు. సుంకమ్మ నా వైపు తిరిగింది, నిజమేనా అన్నట్లు. తలూపాను. అప్పుడు కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

నా గొంతు జూన్‌కు తిరిగి వచ్చింది గానీ, వెనకటి గొంతు కాదు. పై స్థాయి పోయింది. చర్చిలో మళ్ళీ పాడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత పెద్ద బడులకు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశాను. మార్చి వచ్చిందంటే చిన్న టీచర్లను పిలిచి నీళ్ళు తాగండి, కూర్చోండి, బాగోలేకపోతే చెప్పండి అని సతాయించేదాన్ని. చాదస్తం అని వెనకాల నవ్వుకునేవాళ్ళు, నవ్వుకోనీ.

ఆ ఏడు బడికి సెలవులిచ్చిన రోజు సుంకమ్మ మా ఇంటికొచ్చింది. గుమ్మంలో కూర్చుని మాట్లాడబోతే గొంతు బొంగురుపోయి ఉంది. గొంతు పట్టుకుని దగ్గింది. అమ్మ మజ్జిగ ఇస్తే తాగి, నా మొహం వైపు చాలాసేపు చూసింది.

"ఇన్ని దినాలకే నా పని ఇట్లయింది," అంది. "రాత్రయితే ఎవురితోనూ మాట్లాడబుద్ధి కాదు. నా బిడ్డ పిలిచినా కోపమొస్తాది. ఏమమ్మా, నువ్వు ఏండ్ల నుంచి ఎట్ల అరుస్తాండావు?"

ఆ ప్రశ్న అంతవరకు నన్నెవరూ అడగలేదు. ఇంట్లో వాళ్ళు అడగలేదు, పై అధికారులు అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. అలిసిపోవడం నా చేతకానితనం అనుకుని సిగ్గుపడ్డాను. అదే పని ఇంకొక మనిషి నాలుగు వారాలు చేసి, అదే కోపంతో, అదే గొంతుతో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాక గానీ, నా పని ఎంత బరువో నాకు తెలియలేదు. జవాబు చెప్పే గొంతు నాకు లేదు. ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమురుతూ కూర్చుంది.