ఇంటర్ లేని డిగ్రీ

ఏడో తరగతిలో బడి మానేసిన నేను, సోమందేపల్లెలో టీ అంగడి నడుపుతూనే పది, ఇంటర్ లేనోళ్లకు పెట్టే అర్హత పరీక్ష రాసి, దూరవిద్యలో బీఏ పాసైనాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఎంఏ తెలుగు సీటు కోసం అనంతపురం యూనివర్సిటీకి పోయినాను.

కౌన్సెలింగ్ గదిలో గుమాస్తా నా సర్టిఫికెట్లు తిరగేసి మొహం చిట్లించినాడు. "ఏమప్పా, పది లేదు, ఇంటర్ లేదు. డిగ్రీ యాడ్నుంచి వచ్చె?"

"మెట్లు లేకపోతే నిచ్చెనేసుకుని మిద్దెక్కినా సార్" అన్నాను. వెనకున్న పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇట్లాంటి డిగ్రీలు ఈడ చెల్లవు. పక్కకు జరుగు."

సర్టిఫికెట్లు సర్దుకుని పక్కకు జరిగినా.

పక్క బల్ల కాడ కూర్చుని అంతా వింటున్న తెలుగు శాఖ పెద్ద సారు నన్ను దగ్గరికి పిలిచినారు. "బడి ఎందుకు మానేస్తివి?"

"వాన మానేసింది సార్. దాంతోపాటే నేనూ మానేస్తిని."

ఆయన ఫక్కున నవ్వినారు. నిబంధనలు తెప్పించి చదివి, "ఈ డిగ్రీ చెల్లుతాది, సీటియ్యండి" అన్నారు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో, "క్లాసులు ఏ ఆదివారం మొదలు సార్?" అని అడిగేసినా. మా దూరవిద్య క్లాసులన్నీ ఆదివారాలే జరిగేవి మరి!

గదంతా గొల్లుమంది. "ఆదివారం ఈడ సెలవప్పా! మిగతా దినాలన్నీ రావల్ల" అన్నారు సారు.

అంగడి మా ఆమెకు అప్పజెప్పి సోమవారం పొద్దున్నే బస్సెక్కినా. కండక్టరు "యాడికన్నా?" అన్నాడు. "బడికి" అన్నా, బస్సంతా వినపడేలా. ఆ మాట అనడానికి నాకు శానా ఏండ్లు పట్టింది.