పక్కపక్కన పెట్టిన కత్తీ ఫోర్కూ

ఫోర్కు పట్టడం నేను అరవై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో, కూతురింట్లో, ఎనిమిదేళ్ల మనవరాలి దగ్గర.

కింది ఇంట్లో దాని స్నేహితురాలు ఉంటుంది. ఆ పిల్ల తల్లి మమ్మల్ని ఆదివారం భోజనానికి పిలిచింది. కూతురు ఆ మాట చెప్పగానే మనవరాలి ముఖం మాడిపోయింది.

"అమ్మమ్మ ఒద్దు. చేత్తో తింటది. వాళ్లు నవ్వుతరు."

"ఏందే ఆ మాట!" అని కూతురు కసిరింది. నేను ఆ రోజు డైరీలో 'భోజనానికి పిలుపు వచ్చింది' అని మాత్రం రాసుకున్నాను. మరునాడు పొద్దున్నే ఇడ్లీ పళ్లెంతో దాని ముందు కూర్చున్నాను.

"నేర్పు. ఆదివారానికి ఇంకా ఐదు రోజులున్నయి."

కత్తి కుడి చేతిలో, ఫోర్కు ఎడమ చేతిలో. కోయడం కష్టం కాలేదు. ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం చేసినదాన్ని, మాత్రను సరిగ్గా సగం చేయడం అలవాటే. కష్టమంతా ఎడమ చేయి నోటి దాకా రావడంలోనే. చిన్నప్పటి నుంచీ భోజనం దగ్గర ఒళ్లో ఉండమన్న చేయి అది. ముక్క గుచ్చగానే ఫోర్కు కుడి చేతికి మారిపోయేది.

"అమ్మమ్మా! చెయ్యి మార్చినవ్. చీటింగ్!"

"నేను మార్చలే తల్లీ, అదే పోయింది."

అది పకపకా నవ్వింది. శనివారానికల్లా రెండిడ్లీలు చెయ్యి మార్చకుండా తిన్నాను.

ఆదివారం కింది ఇంట్లో ఉడికించిన బంగాళాదుంపలు, వెన్న వేసిన క్యాలీఫ్లవర్ పెట్టారు. నాలుగు ముక్కలు తిని, మాటలు వింటూ ఆగాను. ఆగినప్పుడు కత్తినీ ఫోర్కునూ పళ్లెంలో పక్కపక్కన తిన్నగా సర్దాను. ఏ వస్తువునైనా అడ్డదిడ్డంగా వదిలేయడం నాకు చేతకాదు. అలా పెడితే తినడం అయిపోయిందని అర్థమట. ఆ సంగతి మా పాఠాల్లో రాలేదు. అయిపోయిన వాళ్ల పళ్లేలు తీస్తున్న ఇంటావిడ, సగం కూడా తినని నా పళ్లెం కూడా తీసుకుని నడిచింది. పిలిచిన వాళ్లింట్లో పళ్లెం వెనక్కి అడగడం నాకు తెలియదు. పైగా, నేనేమన్నా మనవరాలికి తలవంపులవుతుందేమోనని భయం. ఆకలితోనే కూర్చున్నాను.

కుర్చీ జరిగిన చప్పుడైంది. మనవరాలు లేచి నిలబడి జర్మన్‌లో గట్టిగా ఏదో అంది. కూతురు నా చెవిలో చెప్పింది: "ఆగండి, మా అమ్మమ్మ ఇంకా తింటోంది అంటున్నదమ్మా. ఇంట్ల చేత్తోనే తింటది, ఫోర్కుతోని తినుడు కొత్తగ నేర్చుకుంటున్నది, నేనే నేర్పుతున్న అంటున్నది."

ఎవరూ నవ్వలేదు. ఇంటావిడ చెంపలు ఎర్రబడ్డాయి. పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, మరో బంగాళాదుంప వేసింది. మనవరాలు తన కుర్చీని నా పక్కకు ఈడ్చుకొచ్చి, కత్తినీ ఫోర్కునూ విడదీసి ఏటవాలుగా పెట్టి చూపించింది.

"ఆగాలంటే ఇట్ల పెట్టాలె. చెప్పుడు మర్చిపోయిన. సారీ."

ఎడమ చేత్తో ఒక్కో ముక్కా నోటి దాకా తెచ్చుకున్నాను. మిగతా వాళ్లందరిదీ అయిపోయింది. స్నేహితురాలు ఆడుకుందాం రమ్మని గుమ్మంలో నిలబడి రెండుసార్లు పిలిచింది. మనవరాలు కదల్లేదు.

"నిమ్మలంగ తిను అమ్మమ్మా," అంది.